గ్లోబల్ వాల్యూ చైన్‌లో చోటు సంపాదించడం ఎలా? ఆసియా వర్ధమాన దేశాలకు ఒక పని పద్ధతి

2009లో ఐఫోన్ 3జీ ఒక్కదాని తయారీ ఖర్చు 178.96 డాలర్లని, అందులో చైనాలో బిగింపు పనికి దక్కింది 6.50 డాలర్లేనని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ఎగుమతి పద్దులో మాత్రం ఆ ఫోను మొత్తం విలువతో చైనా ఖాతాలో పడింది. మిగతా సొమ్ములో ఎక్కువ భాగం జపాన్, కొరియా, జర్మనీ, అమెరికా కంపెనీల విడిభాగాలది. ఈ లెక్క చూసి పెదవి విరిచినవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ ఆరున్నర డాలర్ల పనితో లోపలికి వచ్చిన చైనా, తర్వాతి మోడళ్ళలో విడిభాగాలు కూడా చేస్తూ తన వాటా పెంచుకుంటూ పోయింది.

ఈ పద్ధతి పరిశ్రమల శాఖలోనో, పెట్టుబడుల సంస్థలోనో, తయారీదారుల సంఘంలోనో ఉండి, తమ దేశపు కంపెనీలను ఈ గ్లోబల్ వాల్యూ చైన్‌లోకి, అంటే ఒకే వస్తువు పనిని అనేక దేశాలు పంచుకుని చేసే గొలుసులోకి ఎక్కించాల్సిన బాధ్యత ఉన్నవాళ్ళ కోసం. దీనిలో ఒక్క మాట ముందే గుర్తుపెట్టుకోండి: ఇక్కడ ఎగుమతి దారి దిగుమతి గేటు నుంచి మొదలవుతుంది. బయటి నుంచి వచ్చే గుడ్డ, చిప్పు, రసాయనం సమయానికి, సుంకం బరువు లేకుండా ఫ్యాక్టరీకి చేరకపోతే, ఎన్ని ఎగుమతి మేళాలు పెట్టినా లాభం లేదు. అడుగుల వరస కూడా దాన్ని బట్టే ఉంది.

1. రంగాన్ని కాదు, పనిని ఎంచుకోండి

"ఎలక్ట్రానిక్స్‌ని అభివృద్ధి చేస్తాం" అనడం వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ఆ ఒక్క మాట కింద చిప్ డిజైన్ నుంచి అట్టపెట్టెలో సర్దడం దాకా వందల పనులున్నాయి. ఒక్కో పనికి కావలసిన కూలి, కరెంటు, నైపుణ్యం, పెట్టుబడి వేరు. మీరు ఎంచుకోవలసింది అలాంటి ఒక్క పనిని, మహా అయితే రెండింటిని.

వైర్ హార్నెస్ సంగతి చూడండి. కారులోని తీగలన్నిటినీ కట్టగా చేర్చి కనెక్టర్లు బిగించే పని ఇది. తీగలు మెత్తగా వంగుతాయి, మోడల్ మారినప్పుడల్లా అమరిక మారుతుంది, అందుకే యంత్రానికి అంత తేలిగ్గా లొంగదు. పెద్ద బోర్డు మీద పరిచి చేతులతోనే చుట్టాలి. కాబట్టి వేతనాలు తక్కువున్న చోటికి వెళ్తుంది. అయితే కార్ల ఫ్యాక్టరీ ఏ వరసలో అడిగితే ఆ వరసలో అందించాలి కనుక మరీ దూరం పోలేదు. జపాన్ కంపెనీ యజాకి 2012లో కంబోడియాలోని కోహ్ కాంగ్‌లో, థాయ్‌లాండ్ సరిహద్దుకి ఆనుకుని ఫ్యాక్టరీ తెరవడంలోని లాజిక్ ఇదే. కంబోడియాకి సొంత కార్ల పరిశ్రమ లేదు, అవసరం పడలేదు కూడా. పొరుగు దేశపు కార్ల పరిశ్రమలో ఒక పని దొరికింది, అంతే.

మీ దేశానికి అలాంటి పని వెతకడానికి మూడు నెలలు చాలు. ఐక్యరాజ్య సమితి వాణిజ్య గణాంకాల కామ్‌ట్రేడ్ డేటాలో ఆరంకెల హెచ్‌ఎస్ కోడ్ (ప్రతి సరుకు రకానికీ ఉండే అంతర్జాతీయ సంఖ్య) స్థాయిలో గత అయిదేళ్ళ అంకెలు తీయండి. మీ ఎగుమతుల కంటే ముందు, వెయ్యి కిలోమీటర్ల లోపలున్న పెద్ద తయారీ దేశాలు ఏ విడిభాగాలు, ఏ సగం తయారైన సరుకులు దిగుమతి చేసుకుంటున్నాయో చూడండి. ఒక జాగ్రత్త: హెచ్‌ఎస్ కోడ్లు 2017లో ఒకసారి, 2022లో ఒకసారి సవరించారు. ఆ మార్పు పట్టించుకోకుండా వరస గీస్తే, లేని పెరుగుదల కనిపిస్తుంది. ఆ జాబితాలోంచి చేతిపని పాలు ఎక్కువున్నవి, బరువుకి తగ్గ విలువ ఉన్నవి, చిన్న లాట్లలో కూడా కొనేవి విడదీస్తే నలభై, యాభై వస్తువులు మిగులుతాయి.

అప్పుడు ఫైలు మూసి మనుషుల్ని కలవండి. కనీసం పన్నెండు మంది కొనుగోలు మేనేజర్లు కావాలి. బ్రాండ్ల ప్రతినిధుల కంటే బ్రాండ్లకి నేరుగా సరఫరా చేసే టైర్ 1 కంపెనీలవాళ్ళు ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే కొత్త సరఫరాదారుని ఎంచుకునేది ఎక్కువగా వాళ్ళే. అడగవలసినవి: ఇప్పుడు ఎక్కడ కొంటున్నారు, అక్కడ ఏ ఇబ్బంది ఉంది, కనీస ఆర్డరు ఎంత, ఏ సర్టిఫికెట్ లేకపోతే లోపలికే రానివ్వరు, మా దేశం వద్దనుకున్నది ఎందుకు. ఈ చివరి ప్రశ్నకి వచ్చే జవాబే మీ అసలు పని జాబితా.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు, వేతనాలూ కరెంటూ ఇంకా కుదుటపడని దేశం చిప్ ఫ్యాబ్ (చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీ) కావాలనుకోవడం. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టుంటుంది. మలేషియాలోని పెనాంగ్ 1972లో బయాన్ లెపాస్ ఫ్రీ జోన్‌తో మొదలుపెట్టినప్పుడు ఇంటెల్, ఏఎమ్‌డీ, హ్యూలెట్ ప్యాకర్డ్ వంటి కంపెనీలు అక్కడ పెట్టింది చిప్పుల తయారీ కాదు, బిగింపు, పరీక్షల పనే. సెమీకండక్టర్ల పేరు చెప్పగానే పెనాంగ్ గుర్తొచ్చేది ఇప్పటికీ ఆ బలం వల్లనే.

గొలుసంటే సరుకులే అనుకోనక్కర్లేదు. ఫిలిప్పీన్స్ కాల్ సెంటర్లు, బ్యాక్ ఆఫీస్ పనులతో ఇదే గొలుసులో ఉంది. రేవు లేని నేపాల్, లావోస్ లాంటి దేశాలు ఈ దిక్కు తప్పకుండా చూడాలి, అక్కడ కంటైనర్ ప్రయాణ ఖర్చే సగం ఆశ తీసేస్తుంది.

2. దిగుమతి గేటు తెరవండి

ఏ దేశంలోనైనా ఎక్కువ సమయం పెట్టవలసిన అడుగు ఇది. రెండు భాగాలు: సుంకం, సమయం.

ఎగుమతి కోసం తెచ్చే ముడిసరుకు మీద సుంకం ఉండకూడదన్న దానిపై ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఎలా తీసేయాలన్న దగ్గర. ముందు కట్టించుకుని తర్వాత తిరిగివ్వడం డ్రాబ్యాక్. అసలు కట్టించుకోకుండా బాండు (హామీపత్రం) మీద వదలడం సుంకం వాయిదా. కొత్తగా మొదలుపెట్టే దేశానికి రెండోదే మేలు, ఎందుకో ఒక లెక్క వేసి చూడండి. 100 డాలర్ల చొక్కాల ఎగుమతిలో దిగుమతి గుడ్డ 60 డాలర్లు, దాని మీద సుంకం 20 శాతం అనుకుందాం. 12 డాలర్లు ముందే కట్టాలి. రీఫండ్ ఆరు నెలలకి వస్తే, ఏడాదికి 12 శాతం వడ్డీ చొప్పున 72 సెంట్లు పోతాయి. కుట్టే కంపెనీకి నికర లాభం మూడున్నర డాలర్లయితే, అందులో సుమారు అయిదో వంతు కేవలం ప్రభుత్వానికి చేబదులు ఇచ్చినందుకు పోయినట్టు. పెద్ద కంపెనీ తట్టుకుంటుంది, చిన్నది తట్టుకోలేదు.

బంగ్లాదేశ్ ఈ ముడి ఎలా విప్పిందో చూడటం మంచిది. 1979లో దేశ్ గార్మెంట్స్ అనే కంపెనీ కొరియాకి చెందిన దేవూతో ఒప్పందం చేసుకుని 130 మందిని శిక్షణకి కొరియా పంపింది. ఆ శిక్షణతో పాటు రెండు ఏర్పాట్లు ఆ పరిశ్రమని నిలబెట్టాయి. ఒకటి, బాండెడ్ వేర్‌హౌస్: గుడ్డ సుంకం లేకుండా ఫ్యాక్టరీ గోదాములోకే వస్తుంది, లెక్క ఎగుమతి అయ్యాక తేలుస్తారు. రెండోది, బ్యాక్ టు బ్యాక్ ఎల్‌సీ: విదేశీ బయర్ ఇచ్చిన లెటర్ ఆఫ్ క్రెడిట్‌నే (ఎల్‌సీ, బయర్ బ్యాంకు రాసిచ్చే చెల్లింపు పూచీ) హామీగా పెట్టుకుని బ్యాంకు గుడ్డ కొనడానికి మరో ఎల్‌సీ తెరుస్తుంది. చేతిలో నిర్వహణ పెట్టుబడి పెద్దగా లేనివాళ్ళు కూడా ఫ్యాక్టరీ పెట్టగలిగారంటే కారణం ఇదే.

మీ దేశంలో బాండు విధానం పెట్టేటప్పుడు దెబ్బతినేది ఎక్కువగా వినియోగ నిష్పత్తుల దగ్గర. డజను చొక్కాలకి ఇన్ని మీటర్ల గుడ్డ, ఇంత శాతం తరుగు అని కస్టమ్స్ ఒక పట్టిక పెట్టుకుంటుంది. ఆ పట్టిక పాతదైతే నిజాయితీగా చేసేవాడికి లెక్క తేలదు, తెలివైనవాడికి మిగులు గుడ్డ బజారులో అమ్ముకునే దారి దొరుకుతుంది. ఆ గుడ్డ బజారుకి రాగానే స్థానిక మిల్లులు గోల పెడతాయి, ప్రభుత్వం గేటు బిగిస్తుంది, పదిమంది దొంగల కోసం వెయ్యిమంది ఇరుక్కుంటారు. మందు: నిష్పత్తుల్ని రెండేళ్ళకోసారి పరిశ్రమ సాంకేతిక నిపుణులతో కలిసి సవరించండి. దిగుమతికో అనుమతి అడగకుండా ఏడాదికి ఒక మొత్తం పరిమితి ఇవ్వండి. తనిఖీని గేటు దగ్గర కాక, ఖాతా పుస్తకాల మీద తర్వాత చేయండి. తప్పు చేసినవాడి లైసెన్సు రద్దు చేయండి, అందరి గేటూ కాదు.

ఇక సమయం. ఒక్క రోజు ప్రయాణ ఆలస్యం 0.6 నుంచి 2.1 శాతం సుంకంతో సమానమని అమెరికా దిగుమతుల మీద జరిగిన పరిశోధన చెప్తుంది. పది రోజులు పోతే ఎంత గుదిబండో లెక్కేసుకోండి. మీ రేవులో ఏం జరుగుతోందో తెలియాలంటే ప్రపంచ కస్టమ్స్ సంస్థ పద్ధతిలో టైమ్ రిలీజ్ స్టడీ చేయాలి. ఒక మామూలు వారం ఎంచుకోండి, పండగల వారం వద్దు. కనీసం 200 కన్‌సైన్‌మెంట్లకి ఈ సమయాలు గంటతో సహా రాయించండి: ఓడ లంగరు వేసినది, కంటైనర్ దించినది, డిక్లరేషన్ వేసినది, సుంకం కట్టినది, పరీక్ష మొదలైనది, ఇతర శాఖల అనుమతి వచ్చినది, విడుదల ఆర్డరు, గేటు దాటినది.

ఫలితం వచ్చాక సగటు చూసి ఆగకండి. సగటు మూడు రోజులై, పదింట ఒక కంటైనర్‌కి పన్నెండు రోజులు పడితే, ఫ్యాక్టరీ ఆ పన్నెండు రోజులకి సరిపడా నిల్వ పెట్టుకోవలసిందే. బయర్ భయపడేది ఆ ఒక్క కంటైనర్‌కే. రెండో విషయం, ఆలస్యం చాలాసార్లు కస్టమ్స్ వల్ల కాదని తేలుతుంది. మొక్కల క్వారంటైన్, ప్రమాణాల సంస్థ, ఔషధ నియంత్రణ, లేదా కాగితాలు ఆలస్యంగా వేసే ఏజెంట్ కారణమవుతారు. కస్టమ్స్ ఒక్కదాన్నే సంస్కరించి ఊరుకుంటే గేటు దగ్గర వరస అలాగే ఉంటుంది.

2017 ఫిబ్రవరి 22న అమల్లోకి వచ్చిన డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ) వాణిజ్య సౌలభ్య ఒప్పందం ఇక్కడ మీ చేతిలో మంచి ఆయుధం. అందులో వర్ధమాన దేశాలు తమ బాధ్యతల్ని ఏ, బీ, సీ అని మూడుగా పెట్టుకోవచ్చు. సీ కింద పెట్టినవాటికి సాంకేతిక సాయం అడిగే వీలుంది. ఓడ రాకముందే డిక్లరేషన్ తీసుకోవడం, మంచి చరిత్ర ఉన్న కంపెనీల్ని అధీకృత వ్యాపారులుగా గుర్తించి పచ్చ దారిలో, అంటే తనిఖీకి ఆపకుండా వదలడం, ఈ రెండిటితో మొదలెట్టండి. అన్ని శాఖల అనుమతులూ ఒకేచోట ఇచ్చే సింగిల్ విండో సాఫ్ట్‌వేర్ తర్వాత. కాగితం మీది అయోమయం అలాగే ఉంచి కంప్యూటర్ కొంటే, ఆ అయోమయమే కంప్యూటర్లోకి వెళ్తుంది.

3. స్థలం, కరెంటు, నీటిమట్టం

దీనిమీద ఎక్కువ చెప్పనక్కర్లేదు. దేశమంతా ఒకేసారి బాగుచేయలేకపోతే ఒక జోన్‌లో బాగుచేయండి, షెడ్లు కట్టి అద్దెకి సిద్ధంగా పెట్టండి. ఖాళీ భూమి చూపించి "రండి" అంటే చిన్న సరఫరాదారుడు రాడు. కరెంటు విషయంలో కోతల కంటే క్షణకాలపు వోల్టేజీ పడిపోవడం అచ్చుపోసే యంత్రాలకీ, సర్క్యూట్ బోర్డుల లైన్లకీ ఎక్కువ చేటు. కాబట్టి ఎన్ని గంటలు పోయిందో కాదు, నెలకి ఎన్నిసార్లు పడిందో నమోదు చేయించండి.

నేల మట్టం మాత్రం మర్చిపోవద్దు. 2011లో థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి అయుత్థయ వైపు పారిశ్రామిక వాడలు మునిగినప్పుడు ప్రపంచమంతా హార్డ్ డిస్కులకి కరువొచ్చింది. భూమి చౌకగా దొరికిందంటే ఎందుకు చౌకో అడగాలి.

4. రూల్స్ ఆఫ్ ఆరిజిన్ లెక్క ముందే వేసుకోండి

వాణిజ్య ఒప్పందం సంతకం అయినంత మాత్రాన సుంకం తగ్గదు. సరుకు "మీ దేశంలో తయారైంది" అని రుజువు కావాలి, ఆ రుజువు ఒక్కో ఒప్పందంలో ఒక్కో రకం. దుస్తుల సంగతే తీసుకోండి. అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాలకి యూరప్ ఇచ్చే రాయితీలో, 2011 నుంచి గుడ్డ ఎక్కడిదైనా కుట్టు ఆ దేశంలో పడితే చాలు. వియత్నాంకి 2020 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన యూరప్ ఒప్పందంలో గుడ్డ నేయడం కూడా అక్కడే జరగాలి, లేదా కొరియా గుడ్డ వాడొచ్చు. పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందమైన సీపీటీపీపీలో నూలు దగ్గర నుంచీ చూస్తారు. అతి తక్కువ అభివృద్ధి జాబితా నుంచి బయటపడబోయే దేశం అయిదేళ్ళ ముందే గుడ్డ మిల్లుల గురించి ఆలోచించాలన్నది ఇందుకే.

విలువ శాతం నిబంధన ఉన్నచోట, ఉదాహరణకి ఆసియా పసిఫిక్ దేశాల ఒప్పందం ఆర్‌సెప్‌లో చాలా వస్తువులకి 40 శాతం, లెక్క ఇలా వేస్తారు. ఎఫ్‌ఓబీ ధర (ఓడెక్కించేదాకా అయ్యే ఖర్చుతో కలిపిన ధర) 20 డాలర్లు, ఒప్పంద దేశాల బయటి నుంచి వచ్చిన సరుకు 12.40. మిగిలింది 7.60, అంటే 38 శాతం, సర్టిఫికెట్ రాదు. అందులోని 60 సెంట్ల మరలు, అట్టపెట్టె స్థానికంగా కొంటే బయటి సరుకు 11.80కి దిగి 41 శాతం అవుతుంది, గట్టెక్కారు. కానీ మర్నెల ప్లాస్టిక్ ధర పెరిగి ఆ 11.80 మూడు శాతం పైకి పోతే మళ్ళీ 39.2. అందుకే గీత మీద నిలబడకుండా కనీసం అయిదు శాతం మార్జిన్‌తో డిజైన్ చేయించండి. ఎక్కువగా జరిగే మిగతా పొరపాట్లు రెండు: ఎఫ్‌ఓబీకి బదులు ఫ్యాక్టరీ ధరతో లెక్కేయడం, మూడో దేశపు రేవులో కంటైనర్ మారినప్పుడు సరుకు తెరవలేదన్న పత్రం తీసుకోకపోవడం.

రాయితీ పోవచ్చన్న లెక్క కూడా వేసుకోవాలి. శ్రీలంక 2010 ఆగస్టులో యూరప్ జీఎస్‌పీ ప్లస్ సుంకం రాయితీ కోల్పోయి 2017 మేలో గాని తిరిగి పొందలేదు. కంబోడియాకి 2020 ఆగస్టులో కొన్ని వస్తువుల మీద రాయితీ పోయింది. రెండుచోట్లా కారణం మానవ హక్కులకి సంబంధించినది, ఫ్యాక్టరీల చేతిలో లేనిది. సుంకం రాయితీ ఒక్కటే ఆధారమైన కంపెనీని మీ పథకంలో మొదటి వరసలో పెట్టకండి.

5. స్థానిక కంపెనీని సరఫరాదారుగా మలచడం

విదేశీ కంపెనీ వస్తే స్థానిక కంపెనీలు వాటంతటవే దానికి అతుక్కుంటాయనుకోవడం భ్రమ. శాంసంగ్ 2009లో వియత్నాంలోని బాక్‌నిన్‌లో ఫోన్ల ఉత్పత్తి మొదలుపెట్టాక, చాలా ఏళ్ళపాటు తొలి అంచెలో ఉన్నవి ఎక్కువగా దాని వెంట వచ్చిన కొరియా కంపెనీలే. ఇంత శాతం స్థానికంగా కొనాల్సిందేనని చట్టం చేయాలనిపిస్తుంది. డబ్ల్యూటీవో నిబంధనలు దానికి ఒప్పుకోవు. థాయ్‌లాండ్ కూడా కార్ల పరిశ్రమలో అలాంటి నిబంధనని 2000లో ఎత్తేసింది. మిగిలిన దారి, కొనేవాడి ఇంజనీరుని అమ్మేవాడి షెడ్డులోకి తీసుకురావడం. సింగపూర్ 1986లో మొదలుపెట్టిన స్థానిక పరిశ్రమ ఉన్నతీకరణ పథకంలో చేసింది ఇదే: బహుళజాతి కంపెనీ తన అనుభవజ్ఞుడైన ఇంజనీరుని స్థానిక సరఫరాదారుల మీద పని చేయడానికి కేటాయిస్తే అతని జీతం ప్రభుత్వం భరించింది.

మీ పథకానికి పద్దెనిమిది నుంచి ఇరవైనాలుగు నెలల గడువు పెట్టుకోండి. ముప్పై కంపెనీలతో మొదలెట్టి ఎనిమిది, పది మిగిలితే సంతృప్తి పడండి. ఎంపికలో బ్యాలెన్స్ షీటు కంటే యజమాని షాపు ఫ్లోర్ మీద ఎంతసేపు ఉంటాడో చూడటం నయం. మొదటి సందర్శనకి కొనేవాడి ఇంజనీరు తప్పకుండా ఉండాలి, కన్సల్టెంటు ఒక్కడే వెళ్తే వచ్చేది రిపోర్టు మాత్రమే.

తర్వాత కొలతలు. చాలా షెడ్లలో సమస్య యంత్రం కాదు, కొలిచే సాధనం. ఒకే ముక్కని ముగ్గురు చేత మూడేసి సార్లు కొలిపించండి, ముక్కలు పది తీసుకోండి. కొలతల్లో వచ్చే తేడా మొత్తం తేడాలో 10 శాతం లోపుంటే మంచిది, 30 దాటితే ఆ కొలత మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. గేజులు (కొలిచే సాధనాలు) సరిచూయించకుండా ఐఎస్‌ఓ 9001 నాణ్యత సర్టిఫికెట్‌కి డబ్బు కట్టే కంపెనీలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. సర్టిఫికెట్ గోడ మీద ఉంటుంది, ముక్క వెనక్కి వస్తుంది.

కార్ల విడిభాగాలైతే ఆ పరిశ్రమ నాణ్యతా ప్రమాణం ఐఏటీఎఫ్ 16949తో పాటు పీపీఏపీ అనే ఆమోద ప్రక్రియ ఉంటుంది. అసలు ఉత్పత్తిలో వాడే యంత్రం, అచ్చు, మనుషులతోనే, మామూలుగా కనీసం 300 ముక్కలు వరసగా తీసి చూపించాలి. ముఖ్యమైన కొలతల్లో ప్రక్రియ సామర్థ్య సూచిక (ముక్కలు ఎంత నిలకడగా హద్దుల్లో వస్తున్నాయో చెప్పే అంకె) 1.67 పైన ఉంటే ఆమోదం, 1.33 కింద ఉంటే తిరస్కరణ, మధ్యలో ఉంటే కొనేవాడితో మాట్లాడుకోవడం. ఇక్కడే ఆదిలో హంసపాదు పడుతుంది: మంచి మిస్త్రీ చేత జాగ్రత్తగా నాలుగు నమూనాలు చేయించి ఆర్డరు తెచ్చుకుంటారు, పదివేల ముక్కల దగ్గర దొరికిపోతారు. నమూనా లైన్ మీద నుంచే రావాలన్నది నియమంగా పెట్టండి.

దుస్తుల్లో లెక్క వేరు. 5,000 చొక్కాల లాటుకి ఏక్యూఎల్ (ఒప్పుకోదగిన లోపాల హద్దు) 2.5, సాధారణ తనిఖీ స్థాయి 2 అనుకుంటే, ఇన్‌స్పెక్టర్ 200 తీసి చూస్తాడు. పది పెద్ద లోపాల వరకు లాటు పాస్, పదకొండోది కనిపిస్తే మొత్తం ఫెయిల్. ఫెయిలైన లాటు మళ్ళీ ఏరి, విమానంలో పంపాల్సి వస్తే ఆ సీజన్ లాభమంతా విమానం ఖర్చుకే పోతుంది. కాబట్టి తనిఖీ చివర్లో కాదు, కుట్టు లైన్ మధ్యలో గంటగంటకీ జరగాలి.

డబ్బు సంగతి తేల్చకుండా ఈ అడుగు పూర్తికాదు. ముడిసరుకు ఓడెక్కిన రోజు డబ్బు కట్టాలి. ప్రయాణం 20 రోజులు, క్లియరెన్స్ 5, తయారీ 25, రేవుకి 5, ఆ తర్వాత బయర్ చెల్లించేది 60 రోజులకి. మొత్తం 115. నెలకి రెండు లక్షల డాలర్ల అమ్మకం, అందులో ముడిసరుకు 60 శాతం అయితే, దాని మీదే ఎప్పుడూ 4,60,000 డాలర్లు ఇరుక్కుని ఉంటాయి. జీతాలు దీనికి అదనం. ఆర్డరు రెట్టింపైతే ఈ మొత్తమూ రెట్టింపు, అందుకే పెద్ద ఆర్డరు వచ్చిన ఏడాదే చాలా చిన్న కంపెనీలు మూతపడతాయి. బ్యాంకు భూమి తాకట్టు అడుగుతుంది, అది వీళ్ళ దగ్గర ఉండదు. పెద్ద బయర్ ఒప్పుకున్న ఇన్‌వాయిస్ మీద, ఆ బయర్ పరపతిని చూసి, వెంటనే డబ్బిచ్చే ఏర్పాటు ఒక్క బ్యాంకుతోనైనా కుదిర్చి పెట్టండి. అచ్చుల ఖర్చుకి విడిగా అప్పు చూడాలి, దాన్ని నిర్వహణ పెట్టుబడిలోంచి లాగితే మూడో నెలలోనే జీతాలు ఆగుతాయి.

6. భద్రత, జాడ, కర్బనం

2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయారు. అంతకుముందు రోజే గోడలకి పగుళ్ళు కనిపించాయి, బ్యాంకు ఉద్యోగుల్ని పంపేశారు, కుట్టుపనివాళ్ళని మాత్రం లోపలికి రప్పించారు. పై అంతస్తులు అనుమతి లేకుండా వేసినవి. ఆ తర్వాత బ్రాండ్లు ఫ్యాక్టరీ భవనాల్ని ఇంజనీర్లతో తనిఖీ చేయించే ఒప్పందానికి వచ్చాయి. ఇది ముందుగానే చేయొచ్చని కంబోడియా చూపించింది: 1999లో అమెరికాతో కుదిరిన జౌళి ఒప్పందంలో పని పరిస్థితులు బాగుంటే కోటా పెంచుతామన్న షరతు ఉంది, 2001 నుంచి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఐఎల్‌ఓ ఫ్యాక్టరీలు తనిఖీ చేసింది. మీరు చేయవలసింది: పథకంలో చేరే ప్రతి కంపెనీకీ భవనం నిర్మాణ డిజైన్, లోడు లెక్క, అగ్నిమాపక దారుల తనిఖీ. అది తేలేదాకా మిగతా సాయం ఇవ్వొద్దు. సబ్‌కాంట్రాక్టు ఎవరికి ఇస్తున్నారో రాతపూర్వకంగా తీసుకోండి, చాలా ప్రమాదాలు ఆ చాటున జరుగుతాయి.

సరుకు జాడ కూడా ఇప్పుడు సరుకులో భాగమే. అమెరికాలో 2022 జూన్ నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం బలవంతపు చాకిరీ ఆరోపణలున్న చైనాలోని షిన్‌జియాంగ్ పత్తి ఉందన్న అనుమానం వస్తే, లేదని దిగుమతిదారే రుజువు చేయాలి. అంటే మీ చొక్కాలో పత్తి ఏ జిన్నింగ్ మిల్లుదో కాగితం ఉండాలి. యూరప్ అటవీ నిబంధన రబ్బరు, కాఫీ, పామాయిల్ వంటి వాటికి 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేల కాకూడదంటుంది. ప్రతి తోటకి అక్షాంశ రేఖాంశాలు దశాంశం తర్వాత ఆరంకెలతో కావాలి, నాలుగు హెక్టార్లు దాటితే హద్దుల గీత మొత్తం కావాలి. వియత్నాం కాఫీ, థాయ్ రబ్బరు లక్షల చిన్న కమతాల నుంచి వస్తాయి. ఈ కొలత రైతు మీద వదిలేస్తే కొనుగోలుదారు పెద్ద తోటలకే వెళ్ళిపోతాడు. సంఘం తరఫున, భూమి రికార్డులతో కలిపి, ఒక్కసారే చేయించండి. తోటలో కొలిచిన డేటా రైతు పేరు మీదే ఉండాలి, లేకపోతే మధ్యవర్తి చేతిలో అదే కొత్త బంధనం అవుతుంది.

ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు యూరప్‌కి పంపేవాళ్ళకి 2026 జనవరి నుంచి కర్బన సుంకం అసలు దశలోకి వచ్చింది. టన్నుకి ఎంత కర్బనమో మీటర్లతో లెక్క లేకపోతే యూరప్ పెట్టిన ముందస్తు అంకె వర్తిస్తుంది, అది సాధారణంగా మీకు నష్టమే.

7. పై మెట్టుకి

దుస్తుల్లో మెట్లు అందరికీ తెలిసినవే: ఇచ్చిన గుడ్డ కత్తిరించి కుట్టడం, తర్వాత గుడ్డ సొంతంగా కొని ఎఫ్‌ఓబీ ధరకి అమ్మడం, తర్వాత డిజైన్, చివర్లో సొంత బ్రాండ్. ఒక్కో మెట్టుకి ఏళ్ళు పడతాయి. మొదటి మెట్టు మీదుండగా బ్రాండ్ ప్రచారానికి సబ్సిడీ ఇవ్వడం నేల విడిచి సాము. ఆ డబ్బుతో గుడ్డ పరీక్షించే ల్యాబు, నమూనాలు గీసేవాళ్ళకి శిక్షణ పెట్టిస్తే ఎక్కువ పని జరుగుతుంది.

నేర్చుకున్న మనిషి కంపెనీ మారితే యజమానికి నష్టం, దేశానికి లాభం. కొరియా వెళ్ళొచ్చిన ఆ 130 మందిలో చాలామంది దేశ్ గార్మెంట్స్ వదిలేసి సొంతంగానో, వేరే ఫ్యాక్టరీల్లోనో స్థిరపడ్డారు, బంగ్లాదేశ్ పరిశ్రమ వ్యాపించింది అలాగే. కాబట్టి శిక్షణ ఖర్చు ఒక్క కంపెనీ నెత్తిన పెట్టకూడదు. పెనాంగ్‌లో 1989లో పెట్టిన నైపుణ్య కేంద్రాన్ని కంపెనీలే కలిసి నడిపించాయి, ఏం నేర్పాలో వాళ్ళే చెప్పారు, రాష్ట్రం అండగా నిలిచింది. పాఠ్యాంశం విశ్వవిద్యాలయం రాస్తే రెండేళ్ళు, లైన్ మేనేజర్ రాస్తే రెండు వారాలు.

8. దేన్ని కొలవాలి, ఎప్పుడు ఆపాలి

ఎంవోయూల సంఖ్య కొలవకండి. మొత్తం ఎగుమతి విలువ కూడా ఒక్కటే చాలదు, ఐఫోన్ లెక్క మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. ఏడాదికోసారి ఓఈసీడీ, ఏడీబీ (ఆసియా అభివృద్ధి బ్యాంకు) విలువ జోడింపు పట్టికల్లో మీ ఎగుమతుల్లోని దేశీయ వాటా చూడండి, అవి రెండు మూడేళ్ళు వెనకబడి వస్తాయి కాబట్టి వాటితో పాటు మూడు నెలలకోసారి మీ సొంత అంకెలు ఉండాలి: పథకంలోని కంపెనీల్లో రెండో ఆర్డరు ఎంతమందికి వచ్చింది, పది లక్షల ముక్కలకి ఎన్ని వెనక్కి వచ్చాయి, రేవు గేటు దాటడానికి అత్యంత ఆలస్యమైన పది శాతం కంటైనర్లకి ఎన్ని రోజులు పట్టింది, స్థానిక కంపెనీల దగ్గర కొన్న విడిభాగాల పాలు ఎంత. దేశీయ వాటా మొదటి కొన్నేళ్ళు తగ్గినా కంగారు పడి గేటు బిగించకండి. దిగుమతి సరుకుతో పని పెరిగినప్పుడు శాతం తగ్గుతుంది, డాలర్లు పెరుగుతాయి.

సాయానికి చివరి తేదీ ఒప్పందంలోనే రాయండి. పన్నెండో నెలకి నమూనా ఆమోదం లేకపోయినా, ఇరవైనాలుగో నెలకి రెండో ఆర్డరు రాకపోయినా ఆ కంపెనీకి సాయం ఆగిపోతుంది, ఆ చోటు వరసలో ఉన్న తర్వాతి కంపెనీకి వెళ్తుంది. ఈ షరతు మొదటి రోజే సంతకం చేయించుకోవాలి. తర్వాత పెడదామంటే, అప్పటికి ప్రతి కంపెనీకీ సిఫారసు చేసే మంత్రి ఒకరు తయారై ఉంటారు.